చివరి కచేరీని ఎక్కడి నుంచి చూడాలి?

జీవితమంతా రాక్ పాడిన ఒక వృద్ధ గాయకుడు ఫలానా రోజున చివరిసారి వేదిక ఎక్కుతానని ప్రకటిస్తే, విజయనగరంలో ఉన్న అభిమానికి మూడు దారులు కనిపిస్తాయి. అప్పు చేసైనా ఆ మైదానానికి చేరుకోవడం ఒకటి, డబ్బు కట్టి ఇంట్లో ప్రత్యక్ష ప్రసారం చూడడం రెండోది, అది సినిమాగా తయారై వచ్చేదాకా ఆగి శుభ్రమైన ధ్వనితో తీరిగ్గా చూడడం మూడోది. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో ఆజీ ఆస్‌బర్న్ పాడిన చివరి కచేరీని నేను రెండో దారిన చూశాను. మొదటిది నాకు అందేది కాదు కనుక దీనితో సరిపెట్టుకుంటున్నానని ఆ రాత్రి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆ కచేరీ ఎక్కడ జరిగిందన్నది ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఏది మేలన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. విల్లా పార్క్ ఒక ఫుట్‌బాల్ మైదానం. అది ఆస్టన్ అనే కార్మికుల పేటలో ఉంది. 1968లో బ్లాక్ సబ్బత్ బృందంగా కలిసిన ఆజీ, టోనీ అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ నలుగురూ ఆ పరిసరాల్లోనే పెరిగారు. అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడి చేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం వాడు కనుక తీగలు నొక్కవలసింది ఆ కుడి చేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, తర్వాతి కాలంలో తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. ఆ బరువైన నాదానికి ఈ గాయం కూడా ఒక కారణం. నెల్లిమర్ల జూట్ మిల్లు సైరన్‌తో పొద్దు గుర్తించే ఇంట్లో పెరిగిన నాకు, ఆ సంగీతం మొదటిసారి విన్నప్పుడు పరాయిదిగా తోచకపోవడానికి కారణం ఈ కథ తెలిశాకే అర్థమైంది.

ఇక మైదానం సంగతి. అక్కడ ఉన్నవాళ్ళకు మాత్రమే దక్కేదేమిటో మా ఊరివాళ్ళకు వివరించడం సులువు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. టీవీలో చూసేవాళ్ళకు మాను కొసన కూర్చున్న పూజారి ముఖం దగ్గరగా కనిపిస్తుంది, మూడులాంతర్ల కూడలి దగ్గర జనంలో నలిగేవాళ్ళకు మాను తల మీదుగా సాగిపోవడం మాత్రమే కనిపిస్తుంది. అయినా అరటిపండు విసరగలిగేది ఆ జనమే. విల్లా పార్క్‌లోనూ అంతే జరిగింది. ఇంటికి తిరిగి వస్తున్నానని చెప్పే నెమ్మది పాట దగ్గర ఆజీ గొంతు తడబడినప్పుడు మైదానం మొత్తం ఆ పాటను అందుకుంది. మేము కూడా పాడాం కానీ మా పాట ఆయనకు చేరదు. ఈ ఒక్క తేడాను ఎంత పెద్ద తెరైనా, ఎంత మంచి స్పీకరైనా పూడ్చలేదు.

జనంలో నిలబడిన అనుభవం నాకు బొత్తిగా లేకపోలేదు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే రాక్ బృందం వాయించినప్పుడు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. నేను నిలబడిన చోటు నుంచి వాద్యకారులు బొటనవేలంత కనిపించారు, వాళ్ళ ముఖాలు చూడాలంటే పక్కనున్న తెర వైపే తిరగవలసి వచ్చింది. కానీ డ్రమ్ దెబ్బ ముందు రొమ్ముకు తగిలి తర్వాత చెవికి చేరేది, పక్కనున్న కుర్రవాడు ఎవరో తెలియకుండానే అతని భుజం మీద చెయ్యి వేసి పాడాను. ఆ రాత్రిని ఇంట్లో కూర్చుని చూడడంతో మార్చుకోమంటే ఒప్పుకోను.

అయితే ఆనాటి మెటాలికా వేదికంతా పరుగెత్తే బృందం. 2025లో ఆజీ వయసు 76 ఏళ్ళు. 2019లో కింద పడినప్పుడు మెడకు తగిలిన దెబ్బకు శస్త్రచికిత్సలు జరిగాయి, పార్కిన్సన్స్ వ్యాధి ఉందని 2020లో ఆయనే బయటపెట్టారు. నల్లని సింహాసనంలో కూర్చునే ఆయన వేదిక మీదకు వచ్చారు, కూర్చునే పాడారు. ఆరేళ్ళుగా మంచం పట్టి ఉన్నానని జనంతో చెప్పుకున్నారు. ఇటువంటి కచేరీలో చూడవలసింది ముఖాన్ని, చేతుల్ని, పాట మధ్యలో ఊపిరి తీసుకునే తీరును. దూరపు వరుసలో కూర్చున్న మనిషికి అవి మైదానంలోని తెర మీదే కనిపిస్తాయి, కంటోన్మెంటులో మా మేడ మీద గదిలో గోడ మీద వేసిన బొమ్మలో మాకూ కనిపించాయి.

వేసవిలో ఇంగ్లండు గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కనుక అసలు ఘట్టం వచ్చేసరికి మాకు అర్ధరాత్రి దాటింది. నేను, కాలేజీ రోజుల నాటి మిత్రుడు, మా అక్క కొడుకు, ముగ్గురమే ఉన్నాం. ప్రసారం రెండుసార్లు ఆగి చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఒకసారి సరిగ్గా పాట ఎత్తుకునే చోటే ఆగడంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రత్యక్ష ప్రసారంలోని పెద్ద లోపం ఇదే, పోయిన క్షణం పోయినట్టే ఉంటుంది. రెండో లోపం ధ్వని. ప్రసారంలో గాయకుడి మైకు ముందుకు వచ్చి జనఘోష వెనక్కి పోతుంది కనుక వేల గొంతులు కలిసిన చోట కూడా పలచగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌తో ఒంటరిగా చూస్తే ఇది మరీ బాధిస్తుంది. నలుగురు కూర్చుని మంచి స్పీకర్లతో వింటే కొంత సర్దుకుంటుంది.

ఈ లోపాలేవీ మూడో దారిలో ఉండవు. 1976 నవంబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ది బ్యాండ్ బృందం చేసిన వీడ్కోలు కచేరీని మార్టిన్ స్కోర్సేసి సినిమాగా తీస్తే అది 1978లో విడుదలైంది. ఆ బృందం పేరు కూడా విననివాళ్ళను కూర్చోబెట్టి చూపించగల సినిమా అది. అయితే అందులో వినిపించే సంగీతంలో కొంత భాగాన్ని తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి కలిపారు. పాటలు పదిలపరచడానికి అది సరైన పనే. కానీ ఒక మనిషి వెళ్ళిపోతున్న సాయంత్రంలో తప్పిన స్వరం కూడా భాగమేనని నేను నమ్ముతాను, దిద్దిన కచేరీలో నాకు ఆ మనిషి కొంత దూరమవుతాడు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. వీడ్కోలు అన్న మాటను నమ్మి జీవితంలో ఒక్కసారి పెట్టగల డబ్బును పెట్టడం ప్రమాదం. ఇకపై పర్యటనలు లేవని ఆజీ 1992లోనే ప్రకటించి తర్వాత చాలా ఏళ్ళు పాడారు. కిస్ బృందం 2000లో వీడ్కోలు యాత్ర మొదలుపెట్టినా నిజంగా ముగించింది 2023 డిసెంబరు 2న. గాయకుడు ఎల్టన్ జాన్ డాడ్జర్ స్టేడియం కచేరీ 2022 నవంబరులో ప్రత్యక్షంగా ప్రసారమైంది, ఆయన యాత్ర ముగిసింది మాత్రం 2023 జులై 8న స్టాక్‌హోమ్‌లో. టిక్కెట్టుకు, విమానానికి, వీసాకు డబ్బు కూడబెట్టే స్థితి ఉన్నవాళ్ళు కూడా ఆ డబ్బును చివరి కచేరీ కోసం దాచవద్దని నా సలహా. తమకు ఇష్టమైనవాళ్ళు ఇంకా నిలబడి వాయించగలిగినప్పుడు, బెంగళూరుకో ముంబైకో వచ్చినప్పుడు వెళ్ళాలి. 2025 మే 17న గన్స్ ఎన్ రోజెస్ బృందం ముంబైలో వాయించింది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన విజయనగరం మీదుగానే అక్కడికి వెళ్తుంది.

వృద్ధాప్యంలో, జబ్బుతో, కూర్చుని పాడే చివరి కచేరీకి మాత్రం ప్రత్యక్ష ప్రసారాన్నే నేను ముందు పెడతాను. ఆ గాయకుడి ఊరివాళ్ళకు ఈ లెక్క వర్తించదు. ఆస్టన్ వీధుల్లో పెరిగినవాడికి విల్లా పార్క్‌ను మించిన చోటు లేదు. సినిమాగా వచ్చేది కొత్తగా వినబోయేవాళ్ళకు పనికొస్తుంది.

ఆ కచేరీ జరిగిన పదిహేడు రోజులకు, జులై 22న, ఆజీ మరణించారు. వార్త తెలిసిన రాత్రి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, ఆ రోజు మధ్యలో నిద్రపోదామన్నాను, నువ్వు లేపి కూర్చోబెట్టావు" అన్నాడు. తర్వాత ఇద్దరం ఆ నెమ్మది పాట దగ్గర ఆయన ముఖం ఎలా ఉందో చాలాసేపు మాట్లాడుకున్నాం.