నెల్లూరులో డేటా సెంటర్ కోర్సు: ఆపరేషన్స్ బాగుంది, డిజైన్ చాలదు

విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించిన దగ్గర్నుంచి నెల్లూరు, ఒంగోలు వైపు డిప్లొమా, బీటెక్ పిల్లలు ఈ కోర్సుల గురించే అడుగుతున్నారు. మాగుంట లేఅవుట్‌లో ఒక సంస్థ నడిపే శని, ఆదివారాల బ్యాచ్ ఈమధ్యే పూర్తిచేశాను. నాది ఎలక్ట్రికల్ డిప్లొమా, కోల్డ్ స్టోరేజీలో షిఫ్ట్ ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఆపరేషన్స్ చెప్పిన సార్ కోసమైనా ఈ కోర్సులో చేరొచ్చు. చెన్నై డేటా సెంటర్లలో నైట్ షిఫ్టులు చేసొచ్చిన మనిషి, స్లైడ్లు చూపించి వదిలేసే రకం కాదు. యూపీఎస్‌ని మెయింటెనెన్స్ బైపాస్‌లోకి మార్చే (రిపేరు కోసం యూపీఎస్‌ని పక్కన పెట్టి కరెంటుని వేరే దారిన పంపే) పని ఒక్కదాని మీదే పూటంతా కూర్చోబెట్టారు. ఎంఓపీ అని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసిన కాగితం ఉంటుంది. దాన్ని ఒకరు చదవాలి, రెండోవాళ్లు ఆ బ్రేకర్‌ని వేలితో చూపించి నంబరు పైకి చెప్పాలి, చదివినవాళ్లు అవునన్నాకే చెయ్యి వెయ్యాలి, పక్కన టైం రాయాలి. ఒక కుర్రాడు "నాకు తెలుసు సార్" అని ముందుకెళ్తే, "అబ్బయా, తెలుసనుకున్నోళ్లే సైట్ డౌన్ చేసేది, కాగితం చూసి చదువు" అన్నారు. మా అందరికీ అలవాటయ్యేదాకా వదల్లేదు.

కరెంటు పోతే ఏరేటర్లు ఆగకూడదని చెరువు గట్టున జనరేటర్ పెట్టుకునే మన రొయ్యల రైతుకి ఈ చదువులో సగం ముందే తెలుసు, కాకపోతే రొయ్య కాసేపు ఓర్చుకుంటుంది, సర్వర్ 20 మిల్లీసెకన్లు దాటితే ఆగిపోవచ్చు. డీజిల్ జనరేటర్ స్టార్టయి లోడు అందుకోవడానికి 10 సెకన్లో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. ఆ సందులో మొత్తం భారం యూపీఎస్ బ్యాటరీలదే. ఆ బ్యాటరీలేమో 25 డిగ్రీల దగ్గర బాగుంటాయి, పైన ఇంకో 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో బ్యాటరీ రూం ఏసీ చెడిపోతే రేపు చూద్దాంలే అనుకోవడానికి లేదన్నమాట. డేటా సెంటర్ ఎంత నమ్మకంగా నడుస్తుందో చెప్పడానికి అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ పెట్టిన గ్రేడ్లే టియర్లు. టియర్ 3 అంటే సర్వర్లు ఆపకుండానే ఏ పరికరాన్నైనా పక్కకు తీసి రిపేరు చేసుకోగలగడం, టియర్ 4 అంటే చెప్పాపెట్టకుండా ఒకటి చెడిపోయినా నడవడం. ఈ తేడా కూడా సింగిల్ లైన్ డయాగ్రం (కరెంటు ఏ దారిన వెళ్తుందో ఒకే గీతతో చూపే బొమ్మ) మీద గీసి చూపించారు, అనుమానాలేం మిగల్లేదు.

డిజైన్ భాగం మాత్రం హడావుడిగా లాగించేశారు. పీయూఈ లెక్క (మొత్తం కరెంటు సర్వర్లు వాడే కరెంటుకి ఎన్ని రెట్లో చెప్పేది; సైట్ మొత్తం 1,500 యూనిట్లు కాలిస్తే అందులో సర్వర్లవి 1,000 అయితే 1.5), సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్న ఆష్రే (ఏసీ ఇంజనీర్ల అమెరికా సంఘం) సూచన, హాట్ ఐల్, కోల్డ్ ఐల్ (వేడిగాలి, చల్లగాలి కలవకుండా సర్వర్ల వరసల మధ్య వేరువేరు సందులు), అంతే. 10 కిలోవాట్ల ర్యాకు (సర్వర్లు పేర్చే బీరువా) తీసుకున్న కరెంటు దాదాపు అంతా వేడిగానే వదులుతుంది, అంటే 2.8 టన్నుల కూలింగ్ కావాలి, అక్కణ్ణుంచి చిల్లర్ (కూలింగ్‌కి నీళ్లు చల్లబరిచే మెషిన్) సైజు ఎలా తేల్చాలి, స్పేర్‌గా ఎన్ని పెట్టాలి అన్న లెక్క ఒక్కటి కూడా మా చేత చేయించలేదు. నాకు బాగా బాధనిపించింది ఇంకోటి. సముద్రం పక్కనున్న జిల్లాలో కూర్చుని ఉప్పుగాలికి బయటి కండెన్సర్ కాయిల్స్ ఎలా తినేసుకుపోతాయో మాట్లాడకపోతే ఎలా? టియర్ ప్రమాణం ప్రకారం కనీసం 12 గంటల డీజిల్ సైట్‌లో ఉండాలని చెప్పారు. 2021 నవంబరు వరదలకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే ఆగింది, అలాంటప్పుడు ట్యాంకర్ ఏ దారిన వస్తుందో ఆలోచించి డిజైన్ చేయడం మనకే ముందు నేర్పాలి.

చేరేటప్పుడు కౌంటర్‌లో ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ అన్నారు, చివర్లో చేతికొచ్చింది వాళ్ల సొంత సర్టిఫికెట్. సీడీసీపీ, అప్‌టైమ్ వాళ్ల ఏటీడీ లాంటి పేరున్న ఇంటర్నేషనల్ సర్టిఫికెట్లు వేరే కోర్సులు, ఫీజు కూడా వేరే. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట కూడా రాసిస్తేనే నమ్మండి.

ఎలక్ట్రికల్, ఏసీ, ఫైర్ సిస్టమ్స్ పని తెలిసి షిఫ్ట్ ఇంజనీర్‌గా వెళ్లాలనుకునేవాళ్లు చేరండి, ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. కన్సల్టెంట్ దగ్గర డిజైన్ పనికి వెళ్లాలంటే ఇది సరిపోదు. చెన్నై సైట్ విజిట్ ఖర్చు ఫీజులో లేదు, ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లండి, ఫోన్ గేటు దగ్గరే పెట్టేయమంటారు కాబట్టి నోట్స్‌కి చిన్న పుస్తకం జేబులో పెట్టుకోండి.