విమ్‌లో ‘కె’ మీట: ఆరేళ్లకు పైగా వాడాక

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, మా కాశీబుగ్గలో కరెంటు రావడానికే రోజులు పట్టింది. ఇక నెట్ సంగతి అడగక్కర్లేదు. జీడిపిక్కల బట్టీ వాళ్ల జనరేటర్ దగ్గర లాప్‌టాప్ ఛార్జ్ చేసుకుంటుంటే మా బావ, “నెట్ నేదు గదా, ఏటి సేత్తావురా?” అన్నాడు. అప్పుడే, కోడ్ రాసుకునే విమ్ ఎడిటర్లోని ఈ ‘కె’ మీటని సీరియస్‌గా నమ్ముకున్నాను.

పైథాన్ ఫైల్లో ఏ మాట మీదైనా కర్సర్ ఉంచి పెద్ద ‘కె’ నొక్కితే విమ్ ఆ మాటని పైథాన్‌తోనే వచ్చే వివరణల పనిముట్టు పైడాక్‌కి ఇస్తుంది. కంప్యూటర్లో ఉన్న లైబ్రరీ లోపల రాసిపెట్టిన వివరణే తెర మీదకి వస్తుంది. నెట్ అక్కర్లేదు. అంతకన్నా నాకు నచ్చింది, మన దగ్గరున్న వెర్షన్ గురించే చెబుతుంది. గూగుల్లో వెతికి, ఎప్పుడో తీసేసిన ఆప్షన్ వాడి, గంటసేపు జుట్టు పీక్కునే పని తప్పింది.

చిరాకులూ ఉన్నాయి. ‘ఓఎస్.పాత్.జాయిన్’ అనే ఫంక్షన్ పేరులో జాయిన్ మీద కర్సర్ ఉంటే ఆ ఒక్క ముక్కే వెళ్తుంది, “అలాంటిదేం లేదు” అంటుంది. మొత్తం పేరుని సెలెక్ట్ చేసి ‘కె’ నొక్కాలి. ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది, సిగ్గులేకుండా చెబుతున్నా. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే లైబ్రరీల గది) ఆన్ చేయకుండా విమ్ తెరిస్తే, అందులో వేసుకున్న పాండాస్ అనే డేటా లైబ్రరీ దానికి కనిపించదు. సి భాషలో ఇదే మీట పైడాక్ బదులు సిస్టమ్‌లోని మాన్యువల్ (మ్యాన్) పేజీల్ని తెరుస్తుంది. అక్కడ ‘ప్రింట్‌ఎఫ్’ మీద నొక్కితే అదే పేరున్న షెల్ కమాండ్ పేజీ వస్తుంది. ముందు 3 కొట్టి ‘కె’ నొక్కితే లైబ్రరీ పేజీ వస్తుంది. ఉబుంటులో అయితే మ్యాన్‌పేజెస్-డెవ్ ప్యాకేజీ ఉండాలి.

అసలు దెబ్బ వేరే. పైడాక్ వివరణ చూపించడానికి ఆ మాడ్యూల్‌ని (పైథాన్ ఫైలుని) ఇంపోర్ట్ చేస్తుంది, అంటే ఫంక్షన్ల బయట రాసిన కోడ్ నిజంగానే నడుస్తుంది. ఫోల్డర్లోని బిల్లుల పేర్ల ముందు తేదీ తగిలించే నా సొంత స్క్రిప్టు మీద ‘కె’ నొక్కాను. వివరణ రాలేదు గానీ, నూట ఇరవై బిల్లుల పేర్లు మారిపోయాయి. ఆ స్క్రిప్టులో, నేరుగా నడిపినప్పుడే పని చేయమనే ‘నేమ్, మెయిన్’ షరతు పెట్టని బద్ధకం నాదే. పేర్లు వెనక్కి మార్చేసరికి మధ్యాహ్నం భోజనం కూడా మానేశాను.

2024లో, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ 0.10 వెర్షన్ వచ్చాక అందులో లాంగ్వేజ్ సర్వర్ (కోడ్ గురించి ఎడిటర్‌కి వివరాలు అందించే ప్రోగ్రామ్) ఉంటే ఇదే మీట దాని వివరణని చిన్న కిటికీలో చూపిస్తోంది. పైగా కోడ్‌ని నడపకుండా చదువుతుంది. అది బాగుంది, మంచి మిషన్ ఉన్నవాళ్లు అదే పెట్టుకోండి. నా పాత లాప్‌టాప్‌లో పెద్ద ప్రాజెక్టు తెరిస్తే ఫ్యాన్ మాత్రం పిండిమరలా మోగుతోంది. అందుకని ఇంట్లో విమ్, ఆఫీసు మిషన్ మీద నియోవిమ్.

పాండాస్‌లో ‘రీడ్ సీఎస్‌వీ’ వివరణ మాత్రం ఓపికుంటేనే తెరవండి. కిందికి జరుపుతూనే ఉండాలి. నేనైతే స్లాష్ కొట్టి కావలసిన మాట వెతుక్కుంటాను.