ఆ ‘ఆల్‌ఇన్ చార్టు’ కొనే ముందు ఇది చదవండి

పోకర్ ఆడే మనవాళ్లందరికీ. టెలిగ్రామ్‌లో "టోర్నమెంట్ ఆల్‌ఇన్ చార్టు, కళ్లు మూసుకుని ఫాలో అయిపోండి" అని పొద్దస్తమానం ఊదరగొట్టే ఆ మహానుభావుడు ఎవరో మీకు తెలుసు. పేరు నేను రాయను. ఏ కార్డులొస్తే చిప్స్ మొత్తం పెట్టెయ్యాలో (అదే ఆల్‌ఇన్), ఏవొస్తే పారెయ్యాలో రంగు గడుల్లో చెప్పే పట్టిక అది. 4,999 కట్టి కొన్నాను. చెప్పినట్టే కళ్లు మూసుకుని ఫాలో అయ్యాను కూడా. అదీ మన తెలివి.

విషయం గబగబా చెప్పేస్తా. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం 2017లోనే పోయింది, 2025 చట్టంతో దేశమంతా అదే కథ. ఇక మిగిలింది గోవా, మాండవి నదిలో కాసినో బోటెక్కడం. శాటిలైట్ ఆడాను, అంటే పెద్ద టోర్నమెంట్‌కి (మెయిన్ ఈవెంట్) టికెట్లే బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంట్. మెయిన్ ఈవెంట్ టికెట్లు ఎనిమిది, ఒక్కోటి 35,000. మొదటివాడికైనా ఎనిమిదోవాడికైనా అదే టికెట్, రూపాయి తేడా లేదు. తొమ్మిదిమందిమి మిగిలాం. ఒక్కడు పోతే చాలు, మిగతా అందరికీ టికెట్.

బ్లైండ్స్ (కార్డులు చూడకముందే వంతులవారీగా ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, స్మాల్, బిగ్) 1,000-2,000, యాంటీ (బిగ్ బ్లైండ్ వాడు దానికి అదనంగా పెట్టేది) 2,000. ఇద్దరి దగ్గర ఐదేసి వేల చిప్స్ కూడా లేవు, బ్లైండ్స్ వాళ్ల దాకా వస్తే అయిపోయినట్టే. నేను బిగ్ బ్లైండ్. బ్లైండూ యాంటీ పోగా నా ముందు ఇంకా 32,000. స్మాల్ బ్లైండ్ దాకా అందరూ ఫోల్డ్ చేశారు, అంటే కార్డులు పారేశారు. స్మాల్ బ్లైండ్‌లో కూర్చున్న పెద్ద స్టాక్ వాడు కార్డులు సరిగ్గా చూశాడో లేదో, చిప్స్ మొత్తం తోసేశాడు, ఆల్‌ఇన్. నా చేతిలో రెండు తొమ్మిదులు.

చార్టు నాకు కంఠతా వచ్చు. ఆ గడి పచ్చరంగు, అంటే కాల్, వాడి పందానికి సమానంగా పెట్టడం. కాల్ అన్నాను. వాడు కింగ్, ఆరు తిప్పాడు. రివర్‌లో, అంటే బల్ల మీద తిప్పే ఆఖరి కార్డుగా, కింగ్ పడింది. మిగతా ఎనిమిదిమందీ లేచి ఒకటే చప్పట్లు. ఐదు వేలు కూడా లేనివాళ్లలో ఒకాయన నా దాకా వచ్చి చెయ్యి కలిపి "థాంక్యూ బ్రదర్" అన్నాడు. పాపం మనస్ఫూర్తిగానే అన్నాడు.

కింగ్ పడిందని కాదు నా ఏడుపు. కింగ్-ఆరు మీద తొమ్మిదుల జత పదింట ఏడుసార్లు గెలుస్తుంది, అది నాకూ తెలుసు. ఆ లెక్క అక్కడ పనికిరాదన్నదే బాధ. 32,000 పెడితే వచ్చేది 38,000: వాడివి 34,000, నా బ్లైండూ యాంటీ కలిపి 4,000. అంటే 46 శాతం గెలుపుంటే చాలు, చిప్స్ లెక్కన కాల్ బంగారం. కానీ అక్కడ పంచేది చిప్స్ కాదు కదా, టికెట్లు. ఊరికే ఫోల్డ్ చేసి కూర్చుంటే నాకు టికెట్ వచ్చే అవకాశం నూటికి 95 అనుకుందాం. కాల్ చేసి గెలిస్తే రెండు టికెట్లేం ఇవ్వరు. ఓడితే బ్యాగు సర్దుకోవడమే. అంటే ఆ కాల్ చెయ్యాలంటే నా చేతికి 95 శాతానికి మించి గెలుపుండాలి. ఏ రెండు కార్డులొచ్చినా తోసేవాడి మీద ఏసుల జతకే ఉండేది 85. ఏసులే పారెయ్యాల్సిన చోట ఆ పచ్చగడి నన్ను తొమ్మిదులతో కాల్ చెయ్యమంది!

శాటిలైట్ కాబట్టి ఇలా అయ్యిందిలే అనుకోకండి. ముగ్గురు మిగిలారు, బహుమతులు 50, 30, 20 వేలు, చిప్స్ 5,000, 3,000, 2,000 అనుకోండి. సగం చిప్స్ ఉన్నవాడికి సగం డబ్బు అనుకుంటాం. ఐసీఎం (చిప్స్‌ని బహుమతి డబ్బు విలువగా మార్చే లెక్క) ప్రకారం వాడి వాటా 38,400 దాకానే. 2,000 చిప్స్ వాడిదేమో 28,900 దగ్గర. గెలిచిన చిప్ కంటే పోయిన చిప్ ఖరీదు ఎక్కువ. ఈ ముక్క లేకుండా "టోర్నమెంట్" చార్టు ఎలా అమ్ముతారండీ?

అదే అడిగాను గ్రూపులో, మర్యాదగానే. "అన్నా, ఎంతమంది మిగిలారు, ఎంతమందికి బహుమతి అనే కాలమ్ చార్టులో ఎక్కడుంది?" అని. జవాబు, పక్కన పళ్లికిలించే బొమ్మ: "అది అడ్వాన్స్‌డ్ ప్యాకేజీలో ఉంటుంది తమ్ముడూ, 14,999. నీకు డిస్కౌంట్ ఇస్తాలే."

ఇక్కడే నాకు కాలింది. తెలియక వదిలేశాడనుకుంటే సరిపెట్టుకునేవాణ్ణి. ఆయనగారి పాత వీడియో ఒకటుంది, చూడండి. ఇలాంటి శాటిలైట్ బబుల్ (ఇంకొక్కడు పోతే మిగతావాళ్లకి బహుమతి దక్కే ఘట్టం) మీదే క్వీన్స్ జత పారేస్తూ "ఇక్కడ సీటు ముఖ్యం ఫ్రెండ్స్, హీరోయిజం కాదు" అని నీతులు చెబుతాడు. అంటే తనకి తెలుసు. తను ఫోల్డ్ చేస్తాడు, మనకి మాత్రం పచ్చరంగు వేసి అమ్ముతాడు. ఆ వీడియో లింకు గ్రూపులో పెట్టాను. అంతే, వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఒక్క చెయ్యి ఓడితే ఏడ్చేవాడికి పేకాటెందుకు? ఇంట్లో ఆడవాళ్లతో అష్టాచెమ్మా ఆడుకో పో." వెనకాల ఎవరో పకపకా నవ్వుతున్నారు. మళ్లీ వినేలోపు గ్రూపులోంచి నన్ను తీసేశారు, ఫోన్ నంబరు బ్లాక్. (మా అమ్మమ్మ అష్టాచెమ్మాలో ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు చంపాలో ఆ చార్టు కంటే బాగా తెలిసిన మనిషి. అది వేరే సంగతి.)

రిఫండ్ అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్, రిఫండ్ లేదు" అని ఒక్క ముక్క. ఆ మాట కొనేటప్పుడు ఎక్కడా లేదు, నా దగ్గర స్క్రీన్‌షాట్లున్నాయి. ఇంకో సరదా ఏంటంటే, నెట్‌లో ఉచితంగా దొరికే నాష్ పుష్-ఫోల్డ్ చార్టు (చిప్స్ లెక్క మాత్రమే చూసి, తోసెయ్యాలా పారెయ్యాలా అని చెప్పేది) పక్కన పెట్టి చూశాను. గడికి గడి అదే. రంగులు మార్చి, మూలన తన ఫోటో అతికించాడు.

మీలో ఎవరైనా ఇలాంటిది కొనాలనుకుంటే, ముందు ఆ కాలమ్ గురించి అడగండి. ఐసీఎం అనగానే మాట దాటేస్తే డబ్బు పంపకండి. లెక్క చూసుకోవాలంటే ఐసీమైజర్ లాంటి టూల్స్ ఉన్నాయి, మీరే బహుమతుల పట్టిక వేసుకుని చూడొచ్చు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే యూపీఐ రసీదు, చాట్ దాచుకోండి, వాళ్లకి డిలీట్ చెయ్యడం బాగా అలవాటు. నేను 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు ఇచ్చాను. మీరూ ఇవ్వండి, ఒక్కడిదైతే పక్కన పడేస్తారు. ఆ వాయిస్ మెసేజ్ కావాలన్నవాళ్లు అడగండి, పంపుతాను.