పాలకొల్లు నుంచి ఫిల్మ్ సిటీ, వండర్‌లా: కొన్నేళ్లు తిరిగాక నా లెక్క

రామోజీ ఫిల్మ్ సిటీ మీద, వండర్‌లా అనే రైడ్ల పార్కు మీద రివ్యూలు రాసేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. వాళ్లు పొద్దున్న బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. పాలకొల్లు, భీమవరం, రాజోలు, అమలాపురం నుంచి వెళ్లే మన సంగతి వేరు. వెళ్లడానికి ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి పోతాయి. ఆ రెండు రాత్రుల మధ్య మిగిలే పగటి కోసమే డబ్బంతా పెడతాం. మా పిల్లలు చిన్న తరగతుల్లో ఉన్నప్పటి నుంచి పెద్దవాడు ఇంటర్‌లో చేరేదాకా ఈ రెండు చోట్లకీ మార్చి మార్చి వెళ్తూనే ఉన్నాం. రైడ్లు బాగున్నాయా అంటే బాగున్నాయి, అందులో సందేహం లేదు. ఊరి నుంచి వెళ్లే కుటుంబానికి డబ్బు ఎక్కడ గిట్టుబాటవుతుంది, ఎక్కడ వృథా అవుతుంది అన్నదే ఇక్కడ చెప్తాను.

నేను లెక్క వేసేది టికెట్ ధర మీద కాదు. గేటు లోపల అందరూ హుషారుగా ఉన్న గంటలు ఎన్ని దొరికాయి, ఒక్కో గంట ఎంత పడింది అని చూస్తాను. ఇలా చూస్తే చవక అనుకున్నవి కొన్ని ఖరీదై కూర్చుంటాయి.

అన్నిటికంటే పెద్దది చుట్టాల ఇల్లు. గోదావరి జిల్లాల వాళ్లందరికీ కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు ఎవరో ఒకరు ఉంటారు. రూము అద్దె మిగులుతుందని తెల్లారుజామున అక్కడ దిగుతాం. వాళ్లు ప్రేమగా కాఫీలూ టిఫిన్లూ పెడతారు, కబుర్లు మొదలవుతాయి. బయటపడేసరికి తొమ్మిది దాటుతుంది. రెండు పార్కులూ ఉన్నది ఊరికి ఆ చివర. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక. వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో ఉంది గానీ, ఎక్కడం, దిగడం, అక్కణ్ణుంచి మళ్లీ ఆటో బేరం చేసుకోవడం అన్నీ కలుపుకుంటే పార్కులో కాలు పెట్టేసరికి మధ్యాహ్నం కావస్తుంది. మా తోడల్లుడు గారి కుటుంబం ప్రతిసారీ ఇలాగే వెళ్తుంది, సగం రైడ్లు మిగిలిపోయాయని ప్రతిసారీ పిల్లలు ఏడుస్తారు. చుట్టాలను చూడాలంటే దానికి వేరే రోజు పెట్టుకోవాలి, ఆ పలకరింపుకీ ఒక మర్యాద ఉంటుంది.

మన వైపు నుంచి సూర్యాపేట, చౌటుప్పల్ మీదుగా వచ్చే రాత్రి బస్సులన్నీ నగరంలోకి వెళ్లే ముందే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్‌లలో ఆగుతాయి. మేం అక్కడే దిగిపోతాం. ఎల్బీ నగర్ చుట్టుపక్కల లాడ్జీల్లో కొన్నిటికి ఇరవైనాలుగు గంటల చెక్ ఇన్ ఉంటుంది, అంటే తెల్లవారి అయిదింటికి తీసుకుంటే మర్నాడు అయిదింటి దాకా మనదే. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఈ ఒక్క మాట కచ్చితంగా అడగండి. మధ్యాహ్నం పన్నెండుకి చెక్ ఇన్ అనే చోట పొద్దున్నే దిగితే రెండు రోజుల అద్దె కట్టించుకుంటారు. ఇలా తీసుకుంటే ఒక్క రోజు అద్దెతోనే పొద్దుటి స్నానం, ఓ గంట నడుం వాల్చడం, పగలంతా సామాన్లు పెట్టుకోవడం, సాయంత్రం పార్కు నుంచి వచ్చాక పిల్లలు కాసేపు పడుకోవడం అన్నీ అయిపోతాయి. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే గిట్టుబాటైన ఖర్చు ఇదే.

రైలు బస్సు కంటే చవక, నిద్ర కూడా బాగా పడుతుంది. కానీ నర్సాపురం ఎక్స్‌ప్రెస్ వెళ్లేది గుంటూరు, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ వైపు. అక్కణ్ణుంచి మళ్లీ ఇటు చివరికి రావాలి. పైగా 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, సెలవుల రోజులైతే తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు. అమ్మను తీసుకెళ్లినప్పుడు మాత్రం రైలే ఎక్కుతాం, ఆవిడ బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చోలేదు. అప్పుడు పార్కుని మర్నాటికి పెట్టుకుంటాం. ఒక రూము అద్దె ఎక్కువవుతుంది, కానీ పెద్దావిడ రోజంతా నవ్వుతూ తిరుగుతుంది. ఆ డబ్బు నాకు ఖర్చులా అనిపించదు.

ఎప్పుడు వెళ్లాలన్నది మాకు ఎరువుల కొట్టు చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం. సార్వా నాట్లప్పుడు, దాళ్వా నాట్లప్పుడు కొట్టు మూస్తే వచ్చే నష్టం పార్కు టికెట్ల కంటే ఎక్కువ. సంక్రాంతికి ఊరు వదిలే ప్రశ్నే లేదు. వేసవి సెలవుల్లో అందరూ వెళ్తారు కాబట్టి క్యూలు పెద్దవి, ఎండ పెద్దది. నవంబర్, డిసెంబర్‌లలో వాతావరణం బాగుంటుంది గానీ, మామూలు రోజుల్లో కూడా స్కూలు బస్సులు వరసగా వచ్చి దిగుతాయి. నాకు కుదిరిందీ నచ్చిందీ జూన్ నెలాఖరు. స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, పాఠాలు ఇంకా ఊపందుకోవు, పిల్లలు రెండు రోజులు మానినా టీచర్లు ఏమీ అనుకోరు. నారుమళ్లు పోసి రైతులు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం, కొట్టులోనూ రద్దీ తక్కువ. మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్తే, ఆదివారం ముప్పావు గంట నిలబెట్టే రైడుకి పది నిమిషాల్లో పని అయిపోతుంది. వండర్‌లాలో టికెట్ ధర కూడా వారం మధ్యలో తక్కువే ఉంటుంది.

ఇక పార్కుల సంగతి. ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్న చోటు, సుమారు 2,000 ఎకరాలు. నడిచి చూసేది కాదు. గేటు దగ్గర నుంచి బస్సులో లోపలికి తీసుకెళ్తారు, లోపల ఎర్ర బస్సుల్లో సెట్లు చూపిస్తారు. అందుకే పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఇదే సరైనది. అయితే షోలకి వేళలు ఉంటాయి, వాటిని బట్టే రోజు నడుస్తుంది. వెళ్లగానే ఆ వేళల బోర్డు ఫొటో తీసుకుని, షోలు ముందు పూర్తి చేసుకుని, బాహుబలి సెట్టు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట మధ్యాహ్నం తర్వాతకి ఉంచుకుంటే ఒకే దారిలో రెండుసార్లు తిరిగే పని ఉండదు.

నాకు బాగా నచ్చింది సినిమా ఎలా తీస్తారో చూపించే షో. చూడ్డానికి వచ్చినవాళ్లలోంచే ఒకర్ని పిలుస్తారు. ఒకసారి మా ఆవిడని పిలిచారు. గుర్రం లేని జట్కా బండి ఎక్కించి, చేతిలో కొరడా పెట్టి, ఎవరో తరుముకొస్తున్నట్టు వెనక్కి చూస్తూ కొట్టమన్నారు. బండి ఉన్నచోటే ఊగుతోంది. ఆవిడ మొదట సిగ్గుపడి, కొంగు బిగించి, తర్వాత నిజంగానే అదిలించడం మొదలుపెట్టింది. తర్వాతి గదిలో జనం చేతే గిట్టల చప్పుడు, చక్రాల చప్పుడు చేయించారు. మూడో గదిలో తెర మీద చూస్తే గుర్రాలు పరిగెడుతున్నాయి, బండిలో మా ఆవిడ! అమ్మ లేచి నిలబడి, "ఒసేయ్ అమ్మాయ్, పడిపోతావే!" అని అరిచేసింది. టికెట్ డబ్బులు నాకు ఆ గదిలోనే వచ్చేశాయి.

వండర్‌లా వేరే తరహా. కొచ్చిలో, బెంగళూరులో నడిపిన అనుభవంతో 2016లో ఇక్కడ పెట్టారు. నేల మీద రైడ్లు, నీళ్ల రైడ్లు రెండూ ఉంటాయి. ఇక్కడ పిల్లల టికెట్‌కి వయసు కాదు, ఎత్తు చూస్తారు. ప్రతి రైడు దగ్గరా ఎత్తు కొలిచే గుర్తు ఉంటుంది, దానికి అందకపోతే ఎక్కనివ్వరు. ఆ నిబంధన భద్రత కోసమే కాబట్టి నాకు నచ్చింది. కానీ ఆరేళ్ల పిల్లని తీసుకెళ్తే పెద్ద రైడ్లు ఒక్కటీ దక్కవు, వాళ్లతో పాటు అమ్మో నాన్నో కిందే నిలబడాలి. ఏ రైడూ ఎక్కని పెద్దవాళ్లకీ టికెట్ తీయాల్సిందే. పిల్లలు కాస్త పొడుగయ్యేదాకా ఫిల్మ్ సిటీ, ఆ తర్వాత వండర్‌లా అని మేం పెట్టుకున్నది అందుకే. మావాడు మొదటిసారి గుర్తు దాటి రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కినరోజు వాడి ముఖం చూడాలి. ఆ బండి ముందుకెళ్లి గిరగిరా తిప్పి, మళ్లీ అదే దారిలో వెనక్కి తీసుకొస్తుంది. నాకు కళ్లు తిరిగాయి, వాడు మళ్లీ వెళ్లి వరసలో నిలబడ్డాడు.

ఫాస్ట్‌ట్రాక్ అని సుమారు రెట్టింపు ధరకి ఒక టికెట్ ఉంది, క్యూలో నిలబడే పని తగ్గుతుంది. వారం మధ్యలో వెళ్లేవాళ్లకి అది అనవసరం. ఉద్యోగాల వల్ల దసరా సెలవుల్లోనో ఆదివారమో తప్ప కుదరనివాళ్లు మాత్రం వెనకాడకండి. రెండు రాత్రులు ప్రయాణం చేసి వెళ్లి నాలుగు రైడ్లతో తిరిగి రావడం కంటే, వేరే ఖర్చు తగ్గించుకుని ఇది కొనడం మేలు. కాలేజీ పిల్లలు ఉంటే ఐడీ కార్డు మర్చిపోవద్దు, విద్యార్థులకి రాయితీ ఇస్తారు. నీళ్ల రైడ్లలోకి కాటన్ బట్టలతో రానివ్వరు. నైలాన్ బట్టలు ఊళ్లోనే కొనుక్కెళ్లండి, అక్కడ కొంటే ధరా ఎక్కువే, సైజు కోసం వెతుకులాటా ఎక్కువే. వానాకాలంలో మబ్బు పట్టేది ఎక్కువగా సాయంత్రం పూట. ఉరుములొస్తే పెద్ద రైడ్లు ఆపేస్తారు కాబట్టి, పొద్దున్నే వాటి మీద పడాలి.

తిండి విషయంలో ఇంటి నుంచి మోసుకెళ్లినవి గేటు లోపలికి రానివ్వరు. అందుకని మేం దిబ్బరొట్టె, పులిహోర బస్సు కోసం, పొద్దుటి కోసం మాత్రమే కట్టుకెళ్తాం. రూములోనే కడుపు నిండా తినేసి బయల్దేరితే మధ్యాహ్నం రెండు దాకా ఆకలి అనే మాట ఉండదు. అందరూ భోజనానికి వెళ్లే ఒంటిగంట వేళకి రైడ్లు ఖాళీగా ఉంటాయి కూడా. లోపల తిండి ఖరీదే, రుచి పరవాలేదు.

రెండు పార్కులూ ఒకే ప్రయాణంలో చూడొచ్చా అని చాలామంది అడుగుతారు. నలుగురికి రానూపోనూ బస్సు ఛార్జీలే పెద్ద ఖర్చు కాబట్టి లెక్క ప్రకారం చూడాలి. పిల్లలు పదేళ్లు దాటితేనే ఆ పని చేయండి, అదీ మొదటి రోజు ఫిల్మ్ సిటీ, రెండో రోజు వండర్‌లా వరసలో. తిరగేస్తే రెండో రోజు ఒళ్లు నొప్పులతో ఎవరూ నడవలేరు.

తిరుగు ప్రయాణానికి టికెట్ తీసేటప్పుడు ఎక్కే చోటు ఎల్బీ నగర్ అని పెట్టుకోండి. మియాపూర్‌లో బయల్దేరిన బస్సు నగరమంతా తిరిగి అక్కడికి వచ్చేసరికి రాత్రి పదీ పదిన్నర అవుతుంది. పార్కు మూసేదాకా ఉండి, రూముకొచ్చి స్నానాలు చేసి, భోజనం చేసి ఎక్కడానికి ఆ టైము చాలు. ఒకసారి ఓ ప్రైవేటు బస్సు చెప్పిన టైముకి గంటన్నర లేటుగా వచ్చింది. రూము ఇంకా మా చేతిలోనే ఉంది కాబట్టి, బస్సు నంబరు ఫోన్లో చూసుకుంటూ పిల్లల్ని పడుకోబెట్టి, దగ్గరికి వచ్చాక లేపుకుని కిందికి దిగాం.