పత్తర్‌గట్టి నుంచి లాడ్ బజార్ దాకా: ఆదివారం పొద్దుటి నడక ఎలా ఉంది?

నా అరవయ్యో పుట్టినరోజుకు మా అమ్మాయి బట్టలు కొనలేదు. హైదరాబాద్ పాతబస్తీలో గైడ్ వెంట తిరిగే నడకకు రెండు టికెట్లు తీసింది. మనిషికి ఐదు వందలు. ఆదివారం పొద్దున ఆరున్నరకు మదీనా సర్కిల్ దగ్గర కలవాలి. పత్తర్‌గట్టి, చార్ కమాన్, చార్మినార్, లాడ్ బజార్ చూసి తొమ్మిదింటికి ముగించాలి. చాయ్, బిస్కెట్ టికెట్లోనే. మిర్యాలగూడ చుట్టుపక్కల ముప్పై నాలుగేళ్లు ఇళ్లు కట్టిన తాపీ మేస్త్రిని నేను. అందుకే ఇక్కడ రాయి, సున్నం సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

పత్తర్‌గట్టి నాకు కొత్త కాదు. మా ఇంట్లో మూడు పెళ్లిళ్లకు బట్టలు అక్కడే కొన్నాం. కానీ ఎప్పుడు వెళ్లినా మధ్యాహ్నం పూటే. కమానుల నిండా షేర్వానీలు, చీరలు వేలాడుతుంటాయి. జనం తోసుకుంటూ పోతుంటారు. కొనేవాడి చూపు ధర మీదే ఉంటుంది. షట్టర్లన్నీ మూసి ఉన్నప్పుడు, ఎండ ఇంకా రోడ్డు మీదికి దిగనప్పుడు చూస్తే అది వేరే వీధి. బూడిదరంగు రాతి స్తంభాలు, వాటి మీద కమానులు, కమానుల వెనక నీడలో నడిచే వసారా, వసారా లోపలికి దుకాణాలు, పైన మేడ. దుకాణం దుకాణానికీ ఓనరు వేరు, ముఖం మాత్రం అందరిదీ ఒకటే. నేను పక్కపక్క ప్లాట్లలో అన్నదమ్ములిద్దరికి ఇళ్లు కడితే సన్‌షేడ్లు ఒక మట్టానికి తేవడానికి ఎంత గొడవ పడ్డానో నాకు తెలుసు. ఇక్కడ ఒక వీధికి వీధే ఒక మట్టానికి వచ్చింది.

ఎలా వచ్చిందో గైడ్ చెప్పాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. వేల మంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద కట్టడికి పథకం వేయించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు అలా వచ్చినవే. ఇరుకు సందులు, మురికి బస్తీలు బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నయాపూల్ నుంచి చార్మినార్‌కు వెళ్లే ఈ దారిని వెడల్పు చేసి, అంచున ఈ రాతి కట్టడాన్ని నిలబెట్టింది ఆ బోర్డే. అప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన. అంటే చార్మినార్ పక్కనుంది కదా అని మనం దీన్ని కూడా నాలుగు వందల ఏళ్లనాటిది అనుకుంటాం గానీ, పత్తర్‌గట్టి మా తాతల కాలం నాటిది. ఈ ఒక్క మాట కోసమే నేను ఐదు వందలు ఇచ్చేవాణ్ని.

గైడ్ చెప్పనిది ఒకటి నేను చెబుతాను. కమాను తన బరువును కిందికే కాదు, పక్కలకు కూడా తోస్తుంది. ఒంటరి కమానైతే రెండు వైపులా లావు గోడ ఉండాలి. వరసగా కడితే ఒకదాని తోపును పక్కది ఆపుతుంది. అందుకే మధ్యలో స్తంభాలు అంత సన్నగా ఉన్నా నిలిచాయి. ఇది తెలిశాక ఆ స్తంభాలకు బోర్డుల కోసం కొట్టిన రంధ్రాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒకచోట దిగ్గొట్టిన ఇనుప కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, రాయిని నిలువునా చీల్చింది. ఇంకోచోట రాతికి నీలం పెయింట్ వేశారు. ఏసీ డబ్బాలు, కేబుల్ తీగల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. ఇంత గొప్ప వీధికి గైడ్ ఇచ్చింది పది నిమిషాలు. చార్మినార్ ముందు ఫోటోలకు మాత్రం ఇరవై నిమిషాలు ఆగాం. గుంపులో ఇరవై రెండు మందిమి, మైకు లేదు, వెనక నిలబడితే సగం మాటలు వినపడవు. అంతా హిందీ, ఇంగ్లీషులోనే నడిచింది. అయితే మా అమ్మాయి అడగ్గానే ఆ గైడ్ అబ్బాయి విసుక్కోలేదు. "అంకుల్, మీరు నా పక్కనే నడవండి" అని, ప్రతి చోటా నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు. అది మర్చిపోలేను.

దారిలో దివాన్ దేవిడీ చూపించాడు. నిజాంల దగ్గర ప్రధానమంత్రులుగా చేసిన సాలార్‌జంగుల నివాసం అది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదట అక్కడే తెరిచి, 1968లో ఇప్పుడున్న చోటికి మార్చారట. ఇప్పుడంతా బట్టల మార్కెట్.

అక్కడి నుంచి మచ్లీ కమాన్ కిందుగా వెళ్తే మధ్యలో గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్, చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమానులు. చార్మినార్ 1591, ఇవి 1592. పడమటిది సెహర్-ఎ-బాతిల్, అటువైపే కుతుబ్‌షాహీ రాజమహల్ ఉండేదట. మహల్ లేదు, వాకిలి మిగిలింది. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి నాలుగు వైపులా తిరిగి చూడండి. ఊరిని ముందు గీతలు గీసి, తర్వాత కట్టారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చార్మినార్ గురించి అందరికీ తెలిసిందే. నేను చూసింది దాని గచ్చు పని, అంటే గోడల మీది సున్నపు పూత. 2019 మేలో ఒక మీనారు మీద నుంచి గచ్చు పెళ్ల ఊడిపడిందని పేపర్లో చదివినప్పటి నుంచి ఆ చోటు చూడాలని ఉంది. మా తాత గానుగలో ఎద్దులతో సున్నం తొక్కించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేవాడు. నెల రోజులు నాననిస్తే గానీ గోడ మీదికి ఎక్కించేవాడు కాదు. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, చెమ్మను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, పెళ్లలుగా ఊడుతుంది. నా చేతులతో అలా పాత ఇళ్లకు సిమెంటు పూశాను. అప్పుడు తెలియదు.

గాజుల దుకాణాలుండే లాడ్ బజార్ ఆ వేళకు తెరవరు. లోపలి గల్లీలో ఒక గాజుల కార్ఖానాకు తీసుకెళ్లారు, ఈ నడకలో రెండో మంచి భాగం అదే. లక్కను కుంపటి మీద మెత్తబరిచి, పీటమీద కడ్డీలా దొర్లించి, గుండ్రంగా వంచి అతుకుతారు. గుండ్రటి చెక్కకు తొడిగి సైజు సరిచేస్తారు. వేడి తగ్గేలోపు రాళ్లు ఒక్కొక్కటీ అద్దాలి. ఆ ఇంటావిడ ఒక వరస పూర్తి చేసేదాకా మేమెవ్వరం మాట్లాడలేదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ధరలు ఫిక్స్ అని బోర్డు లేని చోట బేరం ఆడటం మామూలేగానీ, ఆ ఇంటావిడ పని చూశాక, ఆమె చెప్పిన ధరే మా అమ్మాయి ఇచ్చేసింది.

మెహబూబ్ చౌక్ గడియారం స్తంభాన్ని (1892) దూరం నుంచే చూపించి వదిలేశారు. చాయ్ చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో. ఉస్మానియా బిస్కెట్లు అప్పుడే పొయ్యి నుంచి దిగాయి, వెచ్చగా ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. చార్మినార్ చుట్టూ బండ్లు రాకుండా బండరాళ్లు పరిచారు, నడవడానికి హాయి, కానీ తడిస్తే జారతాయి, మంచి చెప్పులు వేసుకోండి. దారిలో బాత్రూం సౌకర్యం దొరకలేదు, పెద్దవాళ్లు ముందే చూసుకోవాలి. నడిపించేవాళ్లకు నా కోరిక: పత్తర్‌గట్టికి అరగంట ఇవ్వండి, ఒక చిన్న మైకు కొనండి, నెలకు ఒక ఆదివారమైనా తెలుగులో నడిపించండి. టికెట్ ఆరు వందలు చేసినా వస్తాను.

వచ్చే నెలకు మళ్లీ రెండు టికెట్లు తీయమని అమ్మాయికి చెప్పాను. నాతో పాతికేళ్లు పనిచేసిన సెంట్రింగ్ మేస్త్రిని తీసుకెళ్తున్నాను. కట్టేటప్పుడు కమాను పడిపోకుండా కింద ఆసరాగా పెట్టే చట్రమే సెంట్రింగ్. ఇన్ని కమానులకు అచ్చు ఒకటే చెక్క సెంట్రింగ్‌ను జరుపుకుంటూ పోయారా, వేరువేరుగా చేశారా అని అక్కడ నిలబెట్టి అతన్ని అడగాలి.