ఇంట్లో కుట్టిన గుడ్డసంచి: కొన్నేళ్లు వాడిన తర్వాత

నల్లగొండలో కూరగాయలకు, కిరాణా సామానుకు నేను కొన్నేళ్లుగా వాడుతున్నవి ఇంట్లో మిషన్ మీద కుట్టుకున్న రెండు గుడ్డసంచులే. రెండింటికీ గుడ్డ ఒకటే, కొలతలూ ఒకటే, పట్టీలు మాత్రం వేరు. ఒకదానికి అదే గుడ్డను మడిచి పట్టీలు కుట్టాను, రెండోదానికి మంచాలకు అల్లే నూలు నవారు వేశాను. సంచి ఎంతకాలం నిలుస్తుందన్నది గుడ్డ కన్నా పట్టీల మీద, అవి సంచికి అతికే చోటు మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

గుడ్డ విషయంలో నాకు ఏ లోటూ కనిపించలేదు. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో నేసిన ఇక్కత్ దుప్పటి గుడ్డ అది. ఇక్కత్‌లో నూలుకు ముందుగానే ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు కనుక అచ్చు వేసిన గుడ్డలా లోపలి వైపు వెలవెలబోకుండా రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అందువల్ల అస్తరు వేయాల్సిన అవసరమే రాలేదు. అస్తరు లేని సంచి ఉతికితే త్వరగా ఆరుతుంది, మూలల్లో మట్టి కూడా పేరుకోదు. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించే ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి.

17 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడవున్న ఒకే ముక్కను మధ్యకు మడిస్తే అడుగున కుట్టే ఉండదు. పక్క కుట్లను ముందు బయటి వైపు పావు అంగుళంతో వేసి, అంచు కత్తిరించి, తిప్పి లోపలి నుంచి మళ్లీ కుట్టాను. దీనివల్ల పోగులు లేచే అంచు కుట్టు లోపలే ఉండిపోతుంది, ఓవర్‌లాక్ మిషన్ లేని ఇంట్లో ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. అడుగు మూలలను త్రికోణంలా మడిచి నాలుగు అంగుళాల అడ్డకుట్టు వేస్తే సంచి నేల మీద నిలబడుతుంది.

ఇక పట్టీలు. గుడ్డ పట్టీల కోసం నాలుగు అంగుళాల పీలికలను పడుగు (నిలువు పోగులు) వెంబడి కత్తిరించి నాలుగు మడతలు వేశాను. పేక (అడ్డ పోగులు) వైపు కత్తిరించిన పట్టీ బరువుకు ఎక్కువగా సాగుతుంది, పడుగు పోగులు మగ్గం మీద బిగువుగా ఉండి నేయబడతాయి కనుక అంతగా సాగవు. అయినా కొంతకాలానికి ఆ పట్టీలు తాడులా ముడుచుకుపోయాయి, ఐదు కిలోల బత్తాయిలు మోస్తే అరచేతిలో గీతలు పడేవి. పట్టీ చివర చతురస్రంగా, మధ్యలో అడ్డంగా రెండు గీతలతో వేసిన కుట్టు ఈనాటికీ వీడలేదు గానీ, ఆ చతురస్రం కింది గీత వెంబడి సంచి గుడ్డే పల్చబడింది. బరువంతా ఆ ఒక్క గీత మీదే పడటం దీనికి కారణం. లోపలి వైపు జీన్స్ గుడ్డ ముక్క వేసి కుట్టాక అది ఆగింది. ఈ ముక్కను మొదటే వేసుకోవడం మంచిది.

నవారు సంచికి ఆ ఇబ్బంది రాలేదు. వెడల్పాటి నవారును చేయి పట్టే చోట మాత్రమే మధ్యకు మడిచి కుట్టి, సంచి మూతి దగ్గర విప్పి పరిచినట్టు ఉంచాను. బరువు వెడల్పుగా పంచుకోవడంతో గుడ్డ మీద ఒత్తిడి తగ్గింది. అంత మందాన్ని కుట్టడానికి 14 నంబరు సూది చాలదు, 16 కావాలి, మడతలు ఎక్కువగా కలిసే చోట చక్రాన్ని చేత్తో తిప్పుతూ కుట్టాలి. దారం పాలియెస్టర్‌దైతే మేలు. భుజానికి తగిలించుకునే వారు ఒక్కో పట్టీని సంచి పైన 24 అంగుళాలు వచ్చేలా పెట్టుకోవాలి, స్కూటర్ కొక్కేనికి తగిలించే వారికి అంత పొడవైతే సంచి కాళ్లకు తగులుతుంది.

దుకాణాల్లో గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచులు నిజానికి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వే, 2021 సెప్టెంబర్ 30 నుంచి అవి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్న నిబంధన కూడా ఉంది. నాకు దొరికిన వాటిలో చాలా వరకు పట్టీ అతికిన చోటే చిరిగిపోయాయి, వాటిని సూదితో బాగుచేసుకునే వీలూ లేదు.

నవారుకు ఉన్న లోపం తడి. తెల్లది కావడంతో తొందరగా మాస్తుంది, వానాకాలంలో గుడ్డ ఆరిన తర్వాత కూడా అది చెమ్మగానే ఉండి వాసన పడుతుంది. ఉతికాక సంచిని తలకిందులు చేసి, అడుగు భాగాన్ని తీగకు క్లిప్పులతో బిగించి, పట్టీలు కిందికి వేలాడేలా గాలి తగిలే చోట ఆరవేస్తే నీరు పట్టీల మీదుగా కిందికి జారి త్వరగా దిగిపోతుంది.