ప్రపోజల్ ఫొటోలకు కెనాన్ 55-250 ఎస్‌టీఎమ్: చంద్రగిరి కోటలో చూసిన పనితనం

ఎదుటివారికి తెలియకుండా ఫొటో తీయవలసి వచ్చినప్పుడు లెన్స్ ఎంత తక్కువగా కంటబడుతుందన్నదే ముందు చూసుకోవాలి. దాని పదును గురించిన ఆలోచన ఆ తర్వాతిది. నా ప్రాణస్నేహితుడు పెద్దల మాటలు మొదలు కాకముందే తాను ప్రేమించిన అమ్మాయిని స్వయంగా పెళ్లికి అడగాలని నిశ్చయించుకుని, ఆ సన్నివేశాన్ని ఆమెకు అనుమానం రాకుండా ఫొటోలు తీసే బాధ్యతను నాకు అప్పగించాడు. అందుకు నేను ఎంచుకున్నది కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎమ్ లెన్స్ (55 నుంచి 250 మి.మీ. వరకు జూమ్ అయ్యేది), 200డీ మార్క్ 2 కెమెరా. ఈ పనికి ఇది తగినదేనని నేను నమ్మకంగా చెప్పగలను. అయితే వెలుతురు విషయంలో దీనికి ఉన్న హద్దును ముందే తెలుసుకోవాలి.

2013లో వచ్చిన ఈ లెన్స్ బరువు 375 గ్రాములు మాత్రమే. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా వాడే 70-200 ఎఫ్/2.8 తెల్ల లెన్స్ దాదాపు కిలోన్నర ఉంటుంది, దాన్ని చేత్తో పట్టుకుంటే కోటకు వచ్చినవారందరూ మనవైపే చూస్తారు. నల్లని ఈ చిన్న లెన్స్ చేతిలో ఉన్నవాడు మాత్రం కోట చూడవచ్చిన పర్యాటకులలో ఒకడిగా కలిసిపోతాడు. తిరుపతికి దగ్గరలోనే ఉన్న చంద్రగిరి కోటను మేము ఎంచుకోవడానికి కూడా అదే కారణం. మూడంతస్తుల రాజమహల్ ముందు ఎవరో ఒకరు ఎప్పుడూ ఫొటోలు తీసుకుంటూనే ఉంటారు కనుక కెమెరా ఉందని ఎవరికీ అనుమానం రాదు. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడం కావడంతో స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. కాబట్టి చేత్తో పట్టుకుని తీయగలిగిన తేలిక లెన్స్ ఇక్కడ ఇంకా అవసరం.

ఈ లెన్స్ అసలు బలం దూరాన్ని దగ్గర చేయడంలో ఉంది. సుమారు ఇరవై మీటర్ల దూరంలో నిలబడి 100 మి.మీ. దగ్గర తీస్తే మోకాళ్లపై కూర్చున్న అతడు, నిలబడిన ఆమె, వెనుక మహల్ కమానులు కొన్ని కలిసి ఫ్రేములో ఇమిడిపోతాయి. అక్కడి నుంచే 250కి జరిపితే ఫ్రేము వెడల్పు 1.8 మీటర్లకు తగ్గి, వారి ముఖాలు, చేతులు మాత్రమే మిగులుతాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకున్నప్పుడు జుంకా ఊగి చెంపను తాకిన ఫొటోలో, ఆ జుంకాకు వేలాడే ముత్యాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైన ఫొటో అదే. అంత దూరంలో ఉన్నవారికి నా షట్టర్ చప్పుడు వినిపించదు కనుక నేను నిశ్చింతగా సెకనుకు ఐదు చొప్పున వరుసగా తీయగలిగాను. ఉంగరం డబ్బా తెరుచుకోవడం, ఆమె ముఖం మారడం, కళ్లలో నీళ్లు తిరగడం వంటివన్నీ క్షణాల్లో జరిగిపోతాయి, కాబట్టి ఆ వేగం తప్పనిసరి.

ఫోకస్ నిశ్శబ్దంగా, తగినంత చురుకుగా కదులుతుంది. కాకపోతే కెమెరాకు, వారిద్దరికి మధ్య నుంచి ఎవరైనా నడిచి వెళితే అది వారిమీదికి జారుకోవచ్చు. అందువల్ల కెమెరాలో ఉన్న తొమ్మిది ఫోకస్ బిందువులలో నడుమ ఉన్న ఒక్కదాన్నే ఎంచుకుని ఆమె ముఖం మీద నిలపడం మంచిది, ఎందుకంటే ఈ కెమెరాలో అడ్డంగానూ నిలువుగానూ ఫోకస్ పట్టగల క్రాస్ రకం బిందువు అదొక్కటే.

వెలుతురు దగ్గరికి వస్తే మాట మారుతుంది. జూమ్ పెంచేకొద్దీ అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/5.6కి కుంచించుకుపోతుంది, అంటే ఎఫ్/2.8 లెన్స్ తీసుకునే కాంతిలో నాలుగో వంతే. ఇందులోని స్థిరీకరణ మన చేతి వణుకును ఆపుతుంది కానీ ఎదుటి మనుషుల కదలికను ఆపలేదు; 250 దగ్గర షట్టర్ వేగాన్ని సెకనులో 1/500 వంతు కంటే తగ్గించడం నాకు ఇష్టం లేదు. ఎండ ఉన్నంతసేపు అది సమస్యే కాదు. పొద్దు కొండ చాటుకు వెళ్లాక మాత్రం ఐఎస్ఓను, అంటే కాంతికి కెమెరా స్పందించే స్థాయిని, 3200 వరకు పెంచవలసి వచ్చింది, ఆ ఫొటోల నీడల్లో గరుకుదనం కనిపిస్తోంది. చీకటి పడ్డాక, దీపాల వెలుగులో అడగాలనుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. అక్కడ 85 మి.మీ. ఎఫ్/1.8 వంటి లెన్స్ కావాలి, దానితో పాటు మరింత దగ్గరగా దాక్కునే చోటు కూడా కావాలి.

లెన్స్‌తో పాటు స్నేహితుణ్ణి సిద్ధం చేయడం కూడా ఫొటోగ్రాఫర్ పనే. అమ్మాయి ముఖం కెమెరా వైపు ఉండేలా అతడు ఎటు నిలబడాలో, చేతిరుమాలు తీయడం వంటి ఏ సైగ చేయాలో ముందే మాట్లాడుకోవాలి. ఉంగరం డబ్బా మూత మనవైపు లేస్తే ఉంగరం కనబడకుండా పోతుంది, కాబట్టి డబ్బాను కొద్దిగా పక్కకు తిప్పి పట్టుకోమని చెప్పాలి. ఆమెకు ఎదుట కనిపించేది ఎలాగూ మారదు.

ఈ లెన్స్ మౌంటు (కెమెరాకు బిగించే భాగం) ప్లాస్టిక్‌ది, జాగ్రత్తగా వాడుకోవాలి. ఎదురెండను అడ్డుకునే హుడ్ డబ్బాలో రాదు, విడిగా కొనుక్కోవాలి. సాయంత్రపు ఏటవాలు ఎండలో తీసేవారు అది లేకుండా బయలుదేరవద్దు.